డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. మన బీరువాలలో రాజుల చరిత్రలు, కవుల చరిత్రలు, భక్తుల చరిత్రలు పెక్కు కలవు. వాని పుటలు చదువరుల చేతులలో నలిగియున్నవి. వానికి మఱియొకటి చేర్చుటకు మాఱుగా, మనమందఱము ఫలము ననుభవించుచు పేరెఱుగక యున్న యొక తెలుగు శాస్త్రజ్ఞుని గూర్చి వ్రాయదలచితిని.

ఆరోగ్యకేంద్రమున గర్భవతుల కిచ్చు ఎఱ్ఱని మాత్రలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లము కలదు. బోదకాలు రాకుండుటకై ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి తెచ్చి మ్రింగించిన మాత్ర వేఱొకటి. రక్తపు క్యాన్సరు గల బిడ్డలకును, కీళ్ళవాతమున వ్రేళ్ళు వంకరపోయినవారికిని వైద్యులు వ్రాసి యిచ్చు మెథొట్రెక్సేటు ఇంకొకటి. ఈ మూడు మందులును ఒక్క పరిశోధనాలయమునుండి వెలువడినవి. ఆ పరిశోధనాలయమును నడపినవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంతకు ముందే, మనము అడుగు తీసి అడుగు వేయుటకు కావలసిన శక్తి జీవకణమునందు ఏ ద్రవ్యరూపమున చేతులు మారుచున్నదో వేఱుచేసి చూపిన కొలదిమందిలో ఆయన యొకరు. ఆయన జీవితము చెప్పవలెనన్న జీవకణమును గూర్చియు కొంత చెప్పక తీఱదు. పాఠకులు ఓపికతో చదువ ప్రార్థన.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన గోదావరీ ప్రాంతమందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యమువలన ఆ యుద్యోగమును ముందుగనే విడువవలసివచ్చెను. తల్లి వెంకమ్మగారు. సంతానము ఏడుగురు. రాబడి తక్కువ, తినువారెక్కువ యైన యింట చదువునకు ముందు కూటి చింత వచ్చును. పదమూడవ యేట సుబ్బారావుగారు కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని తలచి, ఇంట చెప్పక బయలుదేరిరి. తల్లి వెదకించి వెనుకకు రప్పించిరి. ఆ తల్లి పట్టుదలయే లేకున్నచో మనకు ఈ కథ లేదు.

చదువులో ఆయన తొలినుండి మేటి యనుకొనరాదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవమారు చెన్నపట్నమందలి హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన బిడ్డను చూచి ఇక వీడెందుకును పనికిరాడని తేల్చివేయు తల్లిదండ్రులు ఈ వాక్యమును మఱియొకమారు చదువుదురు గాక.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదువునాళ్ళలో ఆయన మనస్సు వైరాగ్యమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపగోరిరి. తల్లి అందులకు సమ్మతింపలేదు. మఠమువారును ఆమె మాటను త్రోసిరాజనక, వైద్యవిద్య నభ్యసించి రోగులకు సేవచేయుట మేలని ఆయనకు బోధించిరి. అట్లు చెన్నపట్నపు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. ఖర్చులకు మిత్రులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత యిచ్చిరి. ఆ మూర్తిగారి కుమార్తెయగు శేషగిరిగారిని 1919వ సంవత్సరము మే నెలలో వివాహమాడిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమెల్ల మ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు విదేశవస్త్రమును విడిచి, శస్త్రచికిత్స గదిలోనికి సైతము ఖద్దరు దుస్తులనే ధరించి పోయిరి. తెల్లదొరయైన ఆచార్యునకు అది గిట్టలేదు. ఫలితముగా, వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము ఆయనకు లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో చేరుటకు చేసిన యత్నమును ఫలింపలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు చెన్నపట్నమున నడపుచున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించు ఉపన్యాసకులైరి.

ఎనిమిది దినములు

అమెరికాకు పోవుటకు ముందే ఆయన యింట పిడుగు పడెను. అన్నదమ్ములలో ఇరువురు, పురుషోత్తము, కృష్ణమూర్తి అనువారు, ఎనిమిది దినముల వ్యవధిలో ఒకరివెంట నొకరు మరణించిరి. వ్యాధి స్ప్రూ అనునది. మన వైద్యులు గ్రహణి యని చెప్పు వ్యాధికి దగ్గఱిది. ఈ వ్యాధియందు తిన్న అన్నము ఒంటికి పట్టదు. విరేచనములు విడువవు. నాలుక పుండ్లుపడి, రక్తము పలుచబడి, మనిషి పాండువర్ణముతో ఎముకలగూడై కృశించును. అదే వ్యాధి సుబ్బారావుగారికిని సోకెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన ఆయన బ్రదికిరి.

కడుపునకు అన్నమున్నను దేహము ఆకలితో చచ్చుట యెట్లు సంభవించును? ఆ అన్నములోని దేనిని అందుకొనలేక దేహము కూలిపోవుచున్నది? ఎల్.ఎం.ఎస్. పట్టము పుచ్చుకొన్న ఆ యువకునికి చెన్నపట్నమున దీనికి సమాధానము దొరకలేదు. ఆ కాలమున ప్రపంచమున నెచ్చటను దొరకునది కాదు.

కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధివారు సహాయము చేయుట కొప్పుకొనిరి. మామగారు మఱికొంత ధనము కూర్చిరి. 1920 దశకపు తొలియేండ్లలో సుబ్బారావుగారు ఓడనెక్కి అమెరికాలోని బోస్టన్ నగరమునకు పోయిరి. గర్భవతియైన భార్య ఇంటనుండిరి. కొద్ది యేండ్లలో తిరిగి వత్తునన్నది ఆయన యుద్దేశము. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రము చదువుచు, పొట్టకూటికై రాత్రివేళ ఆసుపత్రిలో పనివానిగ చేరి, రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. 1924లో ఆ చదువు ముగించి, అచ్చటనే ఆటో ఫోలిన్ ఆచార్యుడు అధిపతిగానున్న జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో కలిసి పరిశోధనకు పూనుకొనిరి.

సహఎంజైములు

ఇచ్చట కథ నొక్కింత యాపి, జీవకణమున జరుగు పనిని చెప్పవలెను. మన దేహము కోట్లకొలది జీవకణముల కూటమి. తిన్న సంకటి, పప్పు, కూర కడుపున జీర్ణమై, రక్తముతో ప్రతి కణమునకు చేరును. అచ్చట వానిని విఱిచి శక్తిని తీయుట, కొత్త మాంసమును నెత్తురును కట్టుట జరుగును. ఈ పనులు చేయునవి ఎంజైములు అను మాంసకృత్తులు. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క పనికి నియమింపబడినది.

పెక్కు ఎంజైములు ఒంటిగా పని చేయజాలవు. ఈ సంగతి తొలుత తేలినది ఈస్టు రసమునందు. తీయని కల్లును పులియించునది ఈస్టు అని మనవారికి తెలియును. 1906లో లండను నగరమున హార్డెన్, యంగ్ అను నిరువురు ఈస్టునుండి పిండిన రసమును సన్నని జల్లెడవంటి పొరద్వారా వడగట్టి రెండు భాగములు చేసిరి. పొరపై నిలిచిన భాగము చక్కెరను పులియింపలేదు. వడిసి క్రిందికి దిగిన భాగమును పులియింపలేదు. రెంటిని మఱల కలుపగా పులియుట ఆరంభించెను. పైన నిలిచినది కాచిన చెడిపోవును. అది ఎంజైముల భాగము. క్రిందికి దిగినది కాచినను చెడదు. అది సహాయకుల భాగము. ఆ సహాయకులకే సహఎంజైములని పేరు.

సహఎంజైము చేయు పనికి మన గ్రంథాలయమునందే ఉపమానము కలదు. ఒక పుస్తకము ఒక చందాదారునియింటికి పోవును. అందలి విషయము నతడు గ్రహించును. పుస్తకము తఱుగక తిరిగివచ్చి, మఱునాడు మఱియొకని యింటికి పోవును. పది పుస్తకములతో నూఱుమంది చదువవచ్చును. కాని పుస్తకములు తిరిగి రావలెను. అట్లే సహఎంజైము ఒక ఎంజైమువద్ద ఒక అణుసముదాయమును ఎత్తుకొని, వేఱొక ఎంజైమువద్ద దించి, రిక్తహస్తములతో మఱల వచ్చును. కావుననే అది దేహమునకు స్వల్పముగ చాలును. ఆ స్వల్పము లేనిచో పనియంతయు నిలిచిపోవును. మనము విటమినులని చెప్పువానిలో బి జాతికి చెందినవి పెక్కు, దేహమునందు సహఎంజైములుగా మారునవే. మన జిల్లాలో పండు వేరుసెనగలో నికోటినిక్ ఆమ్లము సమృద్ధిగా కలదు. దానినుండి దేహము ఒక ముఖ్యమైన సహఎంజైమును కూర్చుకొనును.

నీలివర్ణము చెప్పిన రహస్యము

హార్వర్డులో ఫిస్క్, సుబ్బారావుగారలు తొలుత చేసినది కొలత. రక్తమునందును కండరమునందును భాస్వర మెంత యున్నదో కొలుచుటకు 1925లో వారొక పద్ధతిని ప్రకటించిరి. ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చిన యెడల అందలి భాస్వరము ననుసరించి నీలివర్ణము తేలును. వర్ణ మెంత ముదురో భాస్వర మంత హెచ్చు. ఈ పద్ధతి ఇరువురి పేరిటను నేటికిని శాస్త్రవిద్యార్థుల పాఠములలో నున్నది.

లెక్కలు వ్రాయువారికి దీని తరువాతి ఘట్టము మిక్కిలి రుచించును. కండరపు రసమును ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు నీలివర్ణము వెంటనే పూర్తిగా తేలలేదు. మెల్లమెల్లగా, ఆలస్యముగా ముదురుచు వచ్చెను. చిట్టాలో స్వల్పమైన తేడా వచ్చినప్పుడు సోమరి గుమాస్తా దానిని ఏదో యొక పద్దుక్రింద త్రోసివేయును. నికరమైన లెక్కగాడు ఆ తేడా ఎక్కడినుండి పుట్టెనో తేలువఱకు నిద్రపోడు. వీరిరువురును ఆ రెండవ తెగవారు. భాస్వరము ఆలస్యముగా తేలుచున్నదన్న, అది అంతకుముందు మఱియొక ద్రవ్యముతో ముడిపడియుండి, ఆ ముడి మెల్లగా విడుచున్నదని యూహించిరి. వెదకగా ఫాస్ఫోక్రియటీను అను ద్రవ్యము బయటపడెను. ఇది 1927 నాటి మాట. ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులును అదే యేట దీని జాడను కనిపెట్టిరి. కండరము పనిచేయునప్పుడు ఈ ద్రవ్యము తఱుగును. విశ్రమించునప్పుడు మఱల నిండును.

1929లో ఫిస్క్, సుబ్బారావుగారలు కండరమునుండి మఱియొక భాస్వరద్రవ్యమును వేఱుచేసిరి. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. పేరు పొడవగుటచే ఏ.టి.పి. యని పిలుతురు. ఆ సంవత్సరముననే జర్మనీదేశమున కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. కావున ఆ కీర్తి ఇరుపక్షములకును చెల్లును. కండరమునందు చక్కెర విఱుగుటకు ఏ.టి.పి. సహఎంజైముగా నుండవలెనని లోమన్ 1931లో నిరూపించెను. కండరము పనిచేయుటకు మూలము లాక్టిక్ ఆమ్లమే యని అంతవఱకు పెద్దలు నమ్మియుండిరి. ఆ సిద్ధాంతమును స్థాపించినవారు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి నందినవారు. ఆ ఆమ్లము పుట్టకుండ చేసినను కండరము ముడుచుకొనుచున్నదని 1930లో లుండ్స్‌గార్డ్ అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు చూపగా ఆ సిద్ధాంతము కూలెను. శక్తి భాస్వరపు ముడులయందున్నదని లోకము గ్రహించెను.

అలిపిరినుండి తిరుమలకు కాలినడకన పోయినవారికి ఈ విషయము కాళ్ళకే తెలిసియుండును. మెట్లు సుమారు 3,550. మోకాళ్ళమెట్టువద్ద నిటారుగా నెక్కునప్పుడు తొడలు బరువెక్కి, కాలు కదలకుండును. ఒక్క నాలుగు నిమిషములు కూర్చుండి ఊపిరి తీసికొనినచో మఱల నెక్కగలుగుదుము. ఆ నాలుగు నిమిషములలో మనము క్రొత్తగా తిన్నదేమియు లేదు. కండరము ముందుగా ఖర్చుచేసికొన్న ఫాస్ఫోక్రియటీనును మఱల నింపుకొన్నది; దానివలన ఏ.టి.పి. మఱల కూడినది. ఆశ్చర్యమేమన, ఏ క్షణమందైనను మన దేహమునందున్న ఏ.టి.పి. కొన్ని పదుల గ్రాములకు మించదు. కాని ఒక దినమున దేహము వాడి, విఱిచి, మఱల కూర్చుకొను ఏ.టి.పి. మొత్తము లెక్కగట్టినచో దాదాపు మనిషి బరువంత యగునని శాస్త్రజ్ఞులు గణించిరి. చేతిలో నిలువ స్వల్పము. చేతులు మారునది కొండంత. దేహపు జమాఖర్చు రహస్యమంతయు ఇందే యున్నది.

పేరు లేని పని

1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఆయనకు పిహెచ్.డి. పట్టము నిచ్చెను. పిదప పదియేండ్లు ఆయన కాలేయసారమునుండి బి జాతి విటమినులను వెదకుటలో గడపిరి. పాంటొథెనిక్ ఆమ్లమును గూర్చి 1939లో జార్జి హిచ్చింగ్స్‌తో కలిసి వ్యాసము ప్రకటించిరి. ఈ ద్రవ్యమే తరువాత ఫ్రిట్జ్ లిప్మన్ కనుగొన్న కోఎంజైము-ఏ అను సహఎంజైములో భాగమని తేలెను. లిప్మనునకు 1953లోను, హిచ్చింగ్సునకు వేఱు కృషికై 1988లోను నోబెల్ బహుమతులు లభించెను. సుబ్బారావుగారికి అట్టిది రాలేదు. పదునాఱేండ్లు పనిచేసినను హార్వర్డులో శాశ్వతమైన ఆచార్యపదవియు రాలేదు. ఆయన పేరుకొఱకు వెంపరలాడువారు కారు. పత్రికలవారిని దరిచేరనిచ్చెడివారు కారు. ఇది ఒకవంక గుణము; మఱియొకవంక, చేసినపనిపై తన పేరు వ్రాసికొననివాని పేరును లోకము త్వరగా మఱచును.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. త్వరలోనే అచ్చటి పరిశోధనలన్నిటికి అధిపతులైరి. అచ్చట ఆయనకు చేతినిండ పరికరములు, వందలకొలది సహచరులు లభించిరి.

అన్నదమ్ములకు అందని మందు

ఆకులలోను కాలేయమునందును ఈస్టునందును ఏదో యొక ద్రవ్యము పాండురోగమును కుదుర్చుచున్నదని అప్పటికి తెలియును. దీనికి దారి చూపినవారిలో లూసీ విల్స్ అను ఆంగ్లవనిత ముఖ్యురాలు. ఆమె బొంబాయిలో బట్టలమిల్లుల పనిచేయు పేద గర్భిణీస్త్రీలలో కనబడు పాండురోగము ఈస్టు సారముతో కుదురునని 1931లో ప్రకటించెను. 1941లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఆ ద్రవ్యమును చిటికెడు తీసి, ఆకు అను నర్థము గల లాటిను పదమునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. చిటికెడు ద్రవ్యమునకు బండ్లకొలది ఆకుకూర కావలసినచో పేదవాని నోటికి మందు చేరుట యెట్లు? సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును తేల్చి, 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. అప్పటినుండి ఫోలిక్ ఆమ్లము సామాన్యులకు అందు ధరలో లభింపసాగెను.

ఫోలిక్ ఆమ్లము దేహమునందు సహఎంజైముగా మాఱి, ఒక్కొక్క కర్బన పరమాణువును మోసికొనిపోయి అవసరమైనచోట చేర్చును. క్రొత్త జీవకణము పుట్టవలెనన్న వంశలక్షణములను మోయు ద్రవ్యమును నకలు వ్రాయవలెను. ఆ నకలునకు కావలసిన అక్షరములలో కొన్నిటిని కూర్చుటకు ఈ కర్బనము కావలెను. కావుననే త్వరత్వరగా కణములు పుట్టు తావులు, అనగా నెత్తురు తయారగు ఎముకమూలుగ, ప్రేవుల లోపొర, తల్లి కడుపులోని శిశువు, ఈ లోపమునకు ముందుగా గుఱియగును.

పాఠకులు ఇప్పుడు ఆ యిరువురు సోదరుల మరణమును జ్ఞాపకము చేసికొందురు గాక. స్ప్రూ వ్యాధియందు ప్రేవులు అన్నములోని సారమును గ్రహింపలేవు. అందలి నెత్తురు పలుచదనమునకును నాలుక పుండ్లకును ముఖ్యకారణములలో ఫోలిక్ ఆమ్లపు లోపమొకటి. ఈ ఆమ్లము చేతికందిన వెంటనే టామ్ స్పీస్ అను వైద్యుడు స్ప్రూ రోగుల కిచ్చి చూడగా వారు కోలుకొనిరి. భీమవరమునుండి వచ్చిన యువకుడు మనస్సున మోసికొనిపోయిన ప్రశ్నకు ఇరువదియేండ్ల పైచిలుకు కాలమునకు, తన పరిశోధనాలయముననే, సమాధానము దొరకెను. అన్నదమ్ములు తిరిగి రారు. కాని అదే వ్యాధితో మంచమున నున్న పరుల బిడ్డలు లేచి కూర్చుండిరి.

అయితే ఆయన ముఖ్యముగా వెదకిన మఱియొక పాండురోగపు మందు ఇది కాదని త్వరలోనే తేలెను. ఆ రోగమునకు నిజమైన మందగు బి-12 విటమినును 1948లో వేఱు పరిశోధనాలయములవారు పట్టుకొనిరి. శాస్త్రమునందు ఒకదానికై బావి త్రవ్వగా వేఱొక జల పడుట వింతగాదు.

నకిలీ తాళపుచెవి

బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేయుచుండెను. ఆ కాలమున ఆ వ్యాధి సోకిన బిడ్డ కొద్ది వారములలోనో, నెలలలోనో మరణించుటయే. ఫోలిక్ ఆమ్లపు జాతి ద్రవ్యములిచ్చిన యెడల వ్యాధి తగ్గుటకు బదులు హెచ్చుచున్నట్లు ఫార్బరు గమనించెను. క్యాన్సరు కణములును కణములే. త్వరగా పెరుగునవి గనుక వానికి ఈ సహఎంజైము మఱింత కావలెను. అటులైనచో దానిని వానికి అందనీయకుండ చేసిన నెట్లుండును?

సుబ్బారావుగారును ఆయన సహచరులును ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, పని చేయని ద్రవ్యములను తయారుచేసి పంపిరి. ఇవి నకిలీ తాళపుచెవివంటివి. తాళమున దూరును, తిరుగదు, బయటికిని రాదు. అసలు చెవికి చోటు లేకుండ చేయును. వానిలో నొకటి అమినాప్టెరిను. 1948లో ఫార్బరు ప్రకటించిన ఫలితముల ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను. ఆ గుణము కొద్దికాలమే నిలిచెను. కాని ఆ వ్యాధి మందుతో వెనుకంజ వేయుట లోకము చూచుట అదే తొలిమారు. అదే జాతిలో కొంత మేలైన మెథొట్రెక్సేటుతో 1956లో, గర్భాశయమున పుట్టు ఒక క్యాన్సరును పూర్తిగా కుదుర్పవచ్చునని తేలెను. నేడు పిల్లల రక్తపు క్యాన్సరునకు పలుమందులు కలిపి యిచ్చు చికిత్సలో అది యొక స్తంభము. మంచి చికిత్స అందినచో అట్టి బిడ్డలలో పెక్కుమంది బ్రదుకుచున్నారు.

కీళ్ళవాతమునకు ఈ మందును వారమున కొక్కమారే, స్వల్పమోతాదున, వైద్యుని పర్యవేక్షణలో వాడవలెను. దినదినము మ్రింగినచో ప్రాణమునకే ముప్పు. దాని దోషమును తగ్గించుటకు ఆ వైద్యుడే ఫోలిక్ ఆమ్లపు మాత్రను గూడ వ్రాసి యిచ్చును. ఒకే చీటీమీద చెవియు నకిలీచెవియు ప్రక్కప్రక్కన నుండును. రెండును ఒక్క యింటివే.

బోదకాలుకై హెట్రజాను అను పేర వెలువడిన మందు 1947 నాటిది. యుద్ధకాలమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు సోకిన ఈ వ్యాధి, మన దేశమున కోట్లమందికి తరతరములుగా తెలిసినదే. 2004 నుండి మన ప్రభుత్వము వ్యాధి గల జిల్లాలలో ఏటికొకమారు పంచుచు వచ్చిన మాత్ర ఇదే. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాయు అందొకటి. 1948లో డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిను, టెట్రాసైక్లినుల జాతికి మొదటిది, సుబ్బారావుగారి పరిశోధనాలయముననే పుట్టెను.

జమయు ఖర్చును

1948 ఆగస్టు నెలలో, ఏబదిమూడవ యేట, నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించిరి. పరదేశమున గడపినది సుమారు పాతికేండ్లు. మన గ్రంథాలయపు వయస్సంత. ఆ పాతికేండ్లలో ఒక్కమారైనను మాతృదేశమునకు తిరిగి రాలేదు.

జమ వ్రాసినవాడు ఖర్చు వ్రాయక విడువరాదు. ఆయన వెళ్ళిన తరువాత జన్మించిన కుమారుడు శైశవముననే చనిపోయెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు. భర్త నేడో రేపో వచ్చునని శేషగిరిగారు ఎదురుచూచిరి. ఆయన ఓడనెక్కుటకు ధనము కూర్చినది ఆమె పుట్టినింటివారు. ఆయన పరిశోధనలో మునుగుటకు వెల యిచ్చినది ఆమె యౌవనము. లోకము ఆయన పేరునే మఱచినది. ఆమె పేరు తలచినవారు మఱింత తక్కువ. ఆయన చేసినది ఒప్పో తప్పో తీర్పు చెప్పుటకు నేను చాలను. అయితే మన బిడ్డలు ఈ మందులను మ్రింగి బ్రదుకుచున్నంతకాలము ఆ యిల్లాలికిని మనము ఋణపడియున్నామని మాత్రము వ్రాయగలను. ఈ పద్దు ఏ చరిత్రగ్రంథమునందును మాఫీ కారాదు.

ఆయన మరణానంతరము ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. శతజయంతియగు 1995లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ళ ప్రకటించెను. గౌరవములు స్వల్పములే. కాని ప్రతి మనుష్యుని కండరమునందును నిముసనిముసమును చేతులు మారుచున్న ద్రవ్యమున ఆయన శ్రమ కలదు. సహఎంజైము పని ముగిసిన పిమ్మట ఫలితమునందు కనబడదు. అది లేనిదే ఫలితము లేదు. ఆయన జీవితమును అట్టిదే.

చివరకు రెండు మనవులు. మన యిండ్ల గర్భవతులు ఆరోగ్యకేంద్రమున నిచ్చు ఎఱ్ఱమాత్రను కడుపులో త్రిప్పుచున్నదని గోడవెనుక పాఱవేయకుందురు గాక. అందు 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును కలవు. ఆ మాత్ర వెనుక ఇరువురు అన్నదమ్ముల మరణమును, ఒక మనుష్యుని జీవితమును ఉన్నవి. రెండవది: మన గ్రంథాలయమున శాస్త్రగ్రంథముల బీరువా తక్కిన వానికంటె సన్నగా నున్నది. రజతోత్సవమున కూడిన నిధిలో కొంత దానికి కేటాయించి, పరీక్ష తప్పి ఇంటివద్ద కూర్చున్న పిల్లవానికి సైతము దాని తాళపుచెవి అందునట్లు చేయుదురని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను.